ఒక ‘ఆయ్’, ఊడిపోయిన నా పేరు

ఇన్నేళ్ళలో నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు మా గుడి పాత క్రిస్మస్ క్యాసెట్టును సీడీగా తెస్తున్నారట. దానికి కాగితం స్టిక్కరు అంటించాలా, డిస్కు మీదే అచ్చు వేయాలా అని కమిటీవారు తలలు పట్టుకుని కూర్చున్నారట. ఈ సంగతి కూడా పక్కింటావిడ చెబితే తెలిసింది. పాటలు రాసినవాడితో కమిటీకి ఏం పని?

ఈ చర్చ నేను ఎనభైల్లోనే ముగించాను. రాజోలు దగ్గర మా ఊరి సంఘం క్రిస్మస్ పాటల క్యాసెట్టు వేయాలనుకున్నప్పుడు పాటలన్నీ నేనే రాశాను. పాడింది సంఘ పెద్దగారి అల్లుడు. డబ్బా మీద అల్లుడుగారి ఫొటో ఉండాలని ముందే తేలిపోయింది. పుట్టింది ఏసుప్రభువే అయినా ముఖం మాత్రం అల్లుడుగారిది కావాలి కదా! నా పేరు లోపలి క్యాసెట్టు మీద వేస్తామన్నారు. అదే పదివేలు అనుకున్నాను.

అమలాపురంలో ప్లాస్టిక్ డబ్బాల మీద పేర్లు వేసే స్క్రీన్ ప్రింటింగు అతని చేత ఖాళీ క్యాసెట్టు మీద నా పేరు వేయించాను. పెద్దగారింటికి పట్టుకెళ్ళి, వాళ్ళ చెంబులోనే ముంచి, తువ్వాలుతో రుద్ది చూపించాను.

“చూడండి, చెక్కుచెదర్లేదు. కాగితం లేబుళ్ళయితే మన వానలకి ఊడిపోతాయండి.”

“ఆయ్.”

“స్క్రీన్ ప్రింటింగే వేయిద్దామండి.”

“ఆయ్. కాఫీ తాగుతారాండి?”

తాగాను. గెలిచినవాడిలా ఇంటికొచ్చాను.

క్రిస్మస్ ముందు గుడికి వెళితే, వసారాలో ఆడవాళ్ళు ఉడికించిన మైదా జిగురు గిన్నె చుట్టూ కూర్చుని క్యాసెట్లకు కాగితం లేబుళ్ళు అంటిస్తున్నారు. పెద్దగారు కుర్చీ వేసుకుని చూస్తున్నారు.

“ఇదేంటండీ! మీరు ఆయ్ అన్నారు కదండీ?”

“అన్నానండి. మీరు చెప్పింది ఇన్నానని అన్నాను. చేయిత్తానన్నానేటండి?”

గిన్నె దగ్గరున్న ఒకావిడ నన్ను ఓదార్చింది. “పోన్లెండి బాబాయిగారూ, మీ పేరున్న వైపు జిగురు మందంగా రాసేన్లెండి!” అందరూ నవ్వారు.

ఆవిడ చలవ వల్ల బొద్దింకలు తినడం కూడా ఆ వైపు నుంచే మొదలుపెట్టాయి. వాటికి దక్కనివి తొలి వానలకే ఊడాయి. మా టేపు రికార్డరు తిరగడం మానేస్తే మలికిపురం తీసుకెళ్ళాను. బాగుచేసే అతను లోపల ఇరుక్కున్న నా పేరును పట్టకారుతో బయటికి లాగి, “ఈ చెత్త ఎవరు అంటించేరండీ బాబూ?” అని నేల మీద పారేశాడు.

డబ్బా మీది ఫొటోకు మాత్రం ఏమీ కాలేదు. దాంతో పాడినాయనే రాసినాయన కూడా అయిపోయాడు. దిండి ఊళ్ళో ఒక పెళ్ళిలో, నేను పక్కనే ఉండగా, పెళ్ళికూతురి తండ్రి అల్లుడుగారి చేతులు పట్టుకున్నాడు.

“పాటలు ఎంత బాగా రాసేరండీ!”

అల్లుడుగారు వినయంగా తలదించుకుని, “ఆయ్” అన్నాడు.

పెద్దగారిని నిలదీశాను. “ఇన్నానని అనుంటాడండి,” అన్నారు. ఆ కుటుంబంలో అందరి చెవులూ అంత బాగా పనిచేస్తాయి.

పెద్దగారు ఇప్పుడు లేరు. అల్లుడుగారే కమిటీ అధ్యక్షుడు. కాబట్టి అయ్యా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఈసారి డిస్కు మీదే, ఊడని రంగుతో, ఆ పాటలు రాసినవాడిగా నా పేరు వేయిస్తారా, వేయించరా? అవునో కాదో ఒక్క మాట చెప్పండి. ఆయ్ అని మాత్రం అనకండి.