పెద్దమనిషికి వెనక సీటు

డ్రైవింగ్ నేర్పే మేడమ్ రోజూ కారెక్కేటప్పుడు ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంటుంది. ఇండికేటర్ వేయకుండా లైను మారిన ఒక పెద్దమనిషి కారు ఆమె స్కూటర్‌ని పడేసి, ఆగకుండా వెళ్లిపోయినప్పుడు విరిగిన కాలు అది. ఆ కారునూ, అద్దంలోంచి విసుగ్గా చూసిన ఆ మొహాన్నీ ఆమె మరిచిపోలేదు. ఒకరోజు అదే కారు డ్రైవింగ్ స్కూలు ముందు, రెండు బళ్ల చోటు ఆక్రమించి ఆగింది. దిగినాయన ఆమెను గుర్తుపట్టలేదు. "మా అమ్మాయికి త్వరగా నేర్పేయండి మేడమ్. రూల్సూ గీల్సూ ఎందుకు, బండి కదిలితే చాలు," అన్నాడు. "దగ్గరుండి నేర్పుతానండీ," అని మేడమ్ నవ్వింది. అన్నట్టే నేర్పింది. లైను మారాలంటే అద్దం చూడాలి, ఇండికేటర్ వేయాలి, మెడ తిప్పి వెనక్కి చూడాలి. ఒక్కటి మరిచినా తన వైపు బ్రేకు తొక్కి, మళ్లీ మొదటికి తెచ్చేది. "మీ నాన్న నడిపేటప్పుడు కూడా చూస్తూ ఉండు. తప్పు చేస్తే ఊరుకోకు," అని రోజూ నూరిపోసింది.

లైసెన్సు వచ్చిన వారానికి ఆ పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"నిన్న నడిరోడ్డు మీద నాన్నకీ నాకూ పెద్ద గొడవ మేడమ్! 'ఇలాగే తోలావంటే ఎవర్నో చంపేస్తావ్, దిగు' అని తాళం లాక్కున్నా. ఇప్పుడు ఎక్కడికైనా నేనే తీసుకెళ్తున్నా. ఆయన వెనక సీట్లో మూతి ముడుచుకుని కూర్చుంటున్నారు."

మేడమ్ ఆ ముడుచుకున్న మూతి గురించి రెండోసారి చెప్పించుకుని వింది. చాన్నాళ్లకు కడుపు చల్లబడింది.

కాలిని మాత్రం ఇప్పటికీ చేతులతోనే ఎత్తి పెట్టుకుంటోంది.