బాగులేదన్న ఒక్క మాట కోసం

గత మంగళవారం మా ఊరి శాఖా గ్రంథాలయం తలుపు తెరుచుకోలేదు. దినపత్రిక చదవడానికి వచ్చిన పెద్దమనుషులు అరుగు మీద కాసేపు కూర్చున్నారు. ఇదేదో ప్రభుత్వ సెలవు అయి ఉంటుందని ఏకాభిప్రాయానికి వచ్చి, ఎవరి ఇళ్ళకు వారు వెళ్ళిపోయారు. లైబ్రరీ మేష్టారు తెల్లవారుజామున కన్నుమూశారనీ, తాళంచెవి ఆయన తలగడ కిందే ఉండిపోయిందనీ ఆ తరువాత తెలిసింది. పత్రిక దక్కనందుకు కొందరు, మేష్టారు దక్కనందుకు కొందరు విచారించారు. రెండు విచారాలూ ఒకే రకం ముఖంతో వ్యక్తమైనందువల్ల ఏది ఎవరిదో నిర్ధారించడం సాధ్యపడలేదు.

ఆయన ఎన్నడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. పుస్తకాలున్న గదిలో కూర్చునే మనిషిని మరేమని పిలవాలో తోచక ఊరు ఆయన్ని మేష్టారిని చేసింది. ఉద్యోగ విరమణ జరిగి కొన్నేళ్ళయింది. ఆ స్థానంలో ఎవరిని నియమించాలన్న విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉన్నందువల్ల ఆయనే రోజూ వచ్చి తలుపు తీసేవారు. మంచం పట్టాక ఆయన భార్య తీసేవారు. పరిశీలన ఇంకా కొనసాగుతోంది.

మా ఊరు పి.గన్నవరానికి దగ్గర. డెబ్బయ్యవ దశకంలో ఇక్కడ టీవీ లేదు, వీడియో లేదు. అమలాపురంలో సినిమా చూసి వస్తే ఆఖరి బస్సు దొరకదు. ఆ పరిస్థితుల్లో ప్రజలు చదువుకు అలవాటు పడ్డారు. అయితే ఎవరి చదువు వారిదే. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాను. హత్య జరగని నవలను నవలగా గుర్తించేవాణ్ణి కాను. ఆసుపత్రి నర్సమ్మగారికి ప్రేమకథలు తప్ప పనికిరావు. కొబ్బరికాయల షావుకారుగారు వేదాంతం మాత్రమే పుచ్చుకునేవారు. ఈ స్థితి మేష్టారికి కష్టంగా తోచింది.

"ఒకే కూర రోజూ తింటే నాలుక మొద్దుబారిపోద్దండి. చదువూ అంతేనండి," అని ఆయన ఒక పద్ధతి పెట్టారు. దానికి మార్పిడి అని పేరు. ఆదివారం చర్చి ఆరాధన ముగిశాక, సాయంత్రం లైబ్రరీ అరుగు మీద సమావేశం. ఎవరికి నచ్చిన పుస్తకం వారు తెచ్చి, ఆ రకం పుస్తకాలు ముట్టని మరొకరికి ఇవ్వాలి. పుచ్చుకున్నవారు కాదనకూడదు. కథ ముందుగా చెప్పకూడదు. మళ్ళీ ఆదివారం అభిప్రాయం చెప్పాలి. మేష్టారి భార్య పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి వండిన పొట్టిక్కలు పంపించేవారు. సమావేశానికి హాజరు సంతృప్తికరంగా ఉండడానికి ఇది ఒక కారణమని కొందరి అభిప్రాయం. నేను వారితో విభేదించలేను.

పద్ధతిలో దోషం లేదు. దోషం మా ప్రాంతపు మర్యాదలో ఉంది. గోదావరి నీళ్ళు తాగిన మనిషి, ఎదుటివారు ప్రేమగా ఇచ్చినదాన్ని బాగులేదని ఎలా అంటాడు? పెళ్ళిలో పులిసిన పెరుగు వడ్డించినా "ఆయ్, కమ్మగా ఉందండి" అని లేచే జనం మేము. నా డిటెక్టివు నవల తిరిగి ఇస్తూ షావుకారుగారు ఇలా అన్నారు:

"ఆయ్, చాలా బాగుందండి గుమాస్తాగారూ. ఆ హంతకుడికి ఆఖర్ని జ్ఞానోదయమవడం మరీ బాగుందండి."

ఆ నవలలో హంతకుడు ఆఖరున రైలు కింద పడతాడు. రైలు కింద పడేటప్పుడు జ్ఞానోదయం కలిగి ఉండవచ్చునని నేను సరిపెట్టుకున్నాను. షావుకారుగారి వేదాంత గ్రంథం తీసుకున్న నర్సమ్మగారు "చదూతుంటే ఎంత ప్రశాంతంగా ఉందోనండి, కళ్ళు వాటంతటవే మూతలు పడిపోయేయండి" అన్నారు. ఇందులో మాత్రం కొంత నిజం ఉండి ఉంటుంది. మేష్టారు అందరి మాటలూ తలూపుతూ విని "ఆయ్" అనేవారు. ఇలా మార్పిడి ఎన్నో ఏళ్ళు నిరాటంకంగా సాగింది. పుస్తకాలు అందరి ఇళ్ళకూ వెళ్ళాయి, అందరి ప్రశంసలూ పొందాయి. వాటిని చదివినవారెవరన్నది వేరే సంగతి.

ఈ ప్రశాంతతకు ఒకే ఒక్కసారి భంగం కలిగింది. కాలువ పనుల మీద కడప జిల్లా నుంచి ఒక ఓవర్సీరుగారు బదిలీ అయి వచ్చారు. ఆయన్ని సమావేశానికి పిలిచి షావుకారుగారి గ్రంథాన్ని చేతిలో పెట్టాం. మరుసటి ఆదివారం ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, "ఏం పుస్తకం సార్ ఇది? బాగలేదు. రాసినాయనకే తెలీదు, యాడికి పోతాండాడో," అన్నారు.

 షావుకారుగారు పొట్టిక్క నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయారు. ఒక్క మేష్టారి ముఖం మాత్రం వెలిగింది. ఆ వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

"ఎక్కడండీ? ఎక్కడ బాగులేదండీ?" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"ముందు ఆశ వద్దంటాడు. తర్వాత మోక్షం మీద ఆశ పెట్టుకోమంటాడు. అదేం లెక్క?"

"బాగా పట్టేరండీ! మరి ఆ పాము కథ?"

"అదొకటి బాగుంది. మిగతాదంతా దాన్ని చెడగొట్టేదానికే రాసినాడు."

దీపాలు పెట్టే వేళ దాకా ఇద్దరూ వాదించుకున్నారు. మేష్టారు పకపకా నవ్వారు, బల్ల మీద కొట్టారు. మేము అతిథులం అయిపోయి చూస్తూ కూర్చున్నాం. వెళ్ళేటప్పుడు షావుకారుగారు నా చెవిలో "మనిషి మంచోడేనండి, పాపం పెంపకంలో ఏదో తేడా జరిగుంటది," అన్నారు. త్వరలోనే ఓవర్సీరుగారికి మళ్ళీ బదిలీ అయింది. బాగా పనిచేసేవారికి మా ప్రాంతంలో ఎక్కువకాలం ఉండే అవకాశం ఉండదు.

ఆయన్ని బస్సు ఎక్కించి వచ్చిన రోజున మేష్టారు నాతో ఒక మాట అన్నారు. "బాగుందనడానికి పుస్తకం తెరవక్కర్లేదండి గుమాస్తాగారూ. బాగులేదనాలంటేనే చదవాలి."

ఆ తరువాతి ఆదివారం ఆయన మొదటిసారిగా తన వంతుగా ఒక పుస్తకం తెచ్చారు. లావుపాటి నవల. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరైనా "ఆయ్, చదివేనండి" అంటారని భయం. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాలు అంచులు కత్తిరించకుండానే బైండు అయి వచ్చేవి. పేజీలు మడత దగ్గర ఒకదానికొకటి అంటుకుని ఉండేవి, కోసుకుంటే తప్ప లోపలి పేజీలు కనబడవు. మేష్టారు లైబ్రరీ పుస్తకాలన్నిటినీ తానే కోసి ఉంచేవారు. ఈ ఒక్కదాన్ని కోయలేదు. ఒక సన్నటి వెదురుబద్ద చెక్కి, మొదటి అట్టలో పెట్టి ఇచ్చేవారు.

"కోసుకుంటా చదువుకోండి. మీ అభిప్రాయం చెప్పండి," అనేవారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవారు కాదు.

ఆ నవల ఊరంతా తిరిగింది. ప్రతిసారీ వెదురుబద్ద పెట్టినచోటనే తిరిగివచ్చింది, మడతలు మడతల్లాగే ఉన్నాయి. "ఎలా ఉందండీ?" అని మేష్టారు అడిగేవారు. "ఆయ్, అద్భుతమండి." "ముగింపు?" "ముగింపైతే ఇంక చెప్పక్కర్లేదండి." మేష్టారి బొటనవేలు పుస్తకం అంచు మీద నెమ్మదిగా ఒకసారి నడిచేది. ఎవరినీ ఏమీ అనలేదు. ఆయనా గోదావరి నీళ్ళు తాగినవారే కదా. పుస్తకాన్ని బీరువాలో పెట్టి, మరొకరి కోసం ఎదురుచూసేవారు.

కాలం ఆయన కోసం ఎదురుచూడలేదు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. వరద వచ్చిన ఏడాది లైబ్రరీలోకి నీళ్ళు వచ్చి కింది అరల పుస్తకాలు ముద్దయ్యాయి. పై అరలో ఉన్నందువల్ల ఆ నవల బతికింది. పంచాయతీ ఆఫీసులో టీవీ పెట్టారు. ఆదివారం సాయంత్రం అందులో సినిమా వేసేవారు. మార్పిడికి వచ్చేవారిలో నేను, నర్సమ్మగారు, షావుకారుగారు మిగిలాం. కొన్నాళ్ళకు షావుకారుగారు "ఆయ్, వచ్చే వారం తప్పకుండానండి" అన్నారు. మా ప్రాంతంలో రాజీనామా పత్రం ఇలాగే ఉంటుంది.

ఆఖరి సమావేశంలో నర్సమ్మగారూ నేనూ వింటూ ఉండగా మేష్టారు అన్నారు: "ఈ నవల బాగులేదని ఒక్కరంటే చాలండి. నాకింకేం వద్దండి." ఆ వెంటనే అలా అన్నందుకు సిగ్గుపడి, పొట్టిక్కలు తినమని బలవంతం చేశారు.

ఆ చలికాలంలో ఆయన మంచం పట్టారు. రోజూ ఇంజెక్షను ఇవ్వడానికి వచ్చే నర్సమ్మగారు ఒకరోజు, ఎవరూ అడగకుండానే ఆ నవల పట్టుకెళ్ళారు. మరుసటి వారం నేను ఆయన పక్కన కూర్చుని ఉండగా తెచ్చి మంచం మీద పెట్టారు.

"మేష్టారండీ, చదివేనండి. ఏమీ అనుకోకండేం. బాగులేదండి."

మేష్టారు మోచేతి మీద లేచారు. లేవకూడదని ఆవిడే చెప్పి ఉన్నారు. ఆ వెలుగు మళ్ళీ ముఖంలోకి వచ్చింది.

"ఎక్కడండీ నర్సమ్మగారూ? ఎక్కడ బాగులేదండీ?"

"మొదట్నుంచీనండి."

"మొదట్లో ఏదండీ?"

"అంతానండి..." అని ఆవిడ సూదిని అవసరమైనదానికన్నా ఎక్కువసేపు తుడిచారు.

మేష్టారి బొటనవేలు పుస్తకం అంచు మీదికి వెళ్ళింది. కొంచెం దూరం నడిచి, ఆగింది. ఆయన మెల్లగా తలగడ మీదికి వాలారు.

"ఆయ్. నిజమేనండి," అన్నారు. "బాగా చెప్పేరు. చాలా సంతోషమండి."

ఆవిడ తృప్తిగా వెళ్ళిపోయాక నా వైపు తిరిగి, "చూసేరా, ఎంత మంచి మనిషో," అన్నారు. ఆ తరువాత పుస్తకాల ప్రసక్తి ఎప్పుడూ తేలేదు. నాకు తెలిసినంతలో ఆయన అస్వస్థత ఆ రోజు నుంచి మొండిపట్టు మానేసి త్వరపడింది.

సంతాప సభ లైబ్రరీలోనే జరిగింది. ఆయన ఫోటో ముందు ఆ నవలను ఉంచారు. వక్తలందరూ దాన్ని ప్రస్తావించారు. అంతటి భక్తి ప్రధానమైన నవల తాను మరొకటి చదవలేదని షావుకారుగారు చెప్పారు. రైతు కష్టాన్ని అంత చక్కగా చిత్రించిన పుస్తకం లేదని పంచాయతీ ప్రెసిడెంటుగారు చెప్పారు. ఎవరూ ఎవరినీ ఖండించలేదు. సంతాప తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నర్సమ్మగారు ఒక మూల కళ్ళు తుడుచుకుంటూ, "సంతోషపడతారని అలాగన్నానండి గుమాస్తాగారూ. మనసు కష్టపెట్టుకున్నారేమోనండి," అన్నారు. లేదని చెప్పాను. నేనూ ఈ ఊరివాణ్ణే.

జనం వెళ్ళాక మేష్టారి భార్య పుస్తకాన్ని నా చేతికి ఇచ్చారు. ఆవిడకు చదువు రాదు.

"ఇందులో ఏముందండి తమ్ముడుగారూ? నాకెప్పుడూ చెప్పలేదండి. ఇన్నాళ్ళు దీన్నే పట్టుకుని కూర్చున్నారు. మీరు చదివి చెప్తారా?"

వెదురుబద్ద అట్టలోనే ఉంది. ఇంటికి తెచ్చి, మడతలు కోసుకుంటూ చదివాను. కోస్తుంటే కాగితపు నూగు ఒళ్ళో రాలింది. అందులో హత్య లేదు, ప్రేమ లేదు, వేదాంతం లేదు. భక్తి లేదు, రైతు అసలే లేడు. కథానాయకుడు సగం పుస్తకం దాకా ఇల్లు కదలడు. కదిలాక ఎందుకు కదిలాడో రచయిత మరిచిపోయాడు. సాయంకాలపు వర్ణన మొదలైతే తెల్లవారినా పూర్తి కాదు. చనిపోయిన మేనమామ చివర పెళ్ళి భోజనాల్లో కూర్చుని ఉంటాడు. బాధ్యతాయుతంగా చెబుతున్నాను: ఆ నవల బాగులేదు.

అప్పుడు తెలిసింది. మేష్టారు ఏనాడూ దాన్ని మెచ్చుకోలేదు. "చదవండి" అన్నారు, అంతే. తెరిచినవాడెవడైనా బాగులేదని అనక తప్పని పుస్తకాన్ని, ఎక్కడో మరో ప్రతిలో తాను చదివి, వెతికి వెతికి ఎంచి మా చేతుల్లో పెట్టారు. నర్సమ్మగారికి ఆయన చెప్పిన జవాబు కూడా అక్షరాలా నిజమే. ఒక్క పేజీ కూడా చదవకుండా ఆవిడ అన్నదే సరైన అభిప్రాయం.

నా దగ్గర ఇప్పుడు ఎన్నో మాటలున్నాయి. మేనమామ గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడగలను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని "ఎక్కడండీ?" అంటే చాలు.

పుస్తకం ఇవ్వడానికి వెళ్ళాను. ఆవిడ వసారాలో నిలబడి అడిగారు.

"ఎలా ఉందండీ?"

"ఆయ్, చాలా బాగుందండి అక్కయ్యగారూ."

"అదేనండి. ఆయన మంచివే చదివేవారు," అని ఆవిడ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని, కిటికీ పక్కనున్న ఆయన బల్ల మీద పెట్టారు. కొబ్బరితోటలోంచి గాలి వీచి అట్ట తెరుచుకుంది. ఇన్నాళ్ళూ గుత్తులుగా ఉన్న పేజీలు ఇప్పుడు విడివిడిగా, తొందరేమీ లేకుండా, ఒకదాని తరువాత ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. ఆవిడ లోపలికి వెళ్ళారు. ఖాళీ కుర్చీ ముందు అవి చివరి పేజీ దాకా తిరుగుతూనే ఉన్నాయి.