ఓజోను డాక్టరు గారి హస్తవాసి

నా చిన్నప్పుడు, డెబ్బయ్యో దశకంలో, మా నాయనమ్మ బుగ్గ లోపల ఒక పుండు లేచింది. ఆవిడ రోజూ పొగాకు కాడ పెట్టుకునే చోటే లేచింది. నోటిపూతే కదా అని మొదట ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పండుమిరప పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి ఉత్త పెరుగన్నంతో సరిపెట్టుకోవడం చూశాకే మా నాన్నకు భయం పుట్టింది.

పట్నంలో, గవర్నర్‌పేటలో ఒక పళ్ళ డాక్టరు గారు ఓజోను మిషను తెప్పించారని మా ఊరు కంకిపాడులో అప్పట్లో ఒకటే చెప్పుకునేవారు. చిగుళ్ళ వాపు, నోటి పుళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అన్నిటికీ అదే మందట. వారం వారం నాయనమ్మ, నేను బస్సెక్కేవాళ్ళం. ఆయన పుండుకు ఆనించే గాజు గొట్టం ఊదా రంగులో వెలుగుతూ చిటపటలాడేది. పొలంలో మోటారు స్విచ్చి నిప్పురవ్వలు రాల్చినప్పుడు వచ్చే వాసన గదంతా కమ్ముకునేది. ఆ వాసనకే క్రిములు చచ్చిపోతాయని ఆయన చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఆయన మోసగాడేమీ కాదు. ఆ మిషనును మాకంటే ఆయనే ఎక్కువ నమ్మారు.

పని అయ్యాక, "ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. నాయనమ్మ చేతులు జోడించి, "నయమేనండీ, మీ హస్తవాసి మంచిది" అనేది. తగ్గలేదని డాక్టరు ముఖం మీదే అంటే ఆయన చేతి చలవను తప్పుపట్టినట్టేనని మా వైపు పెద్దవాళ్ళ పట్టింపు. బస్సులో మాత్రం కొంగు బుగ్గకు అదిమిపెట్టుకుని మూలిగేది. ఇంటికొచ్చాక నాన్న అడిగితే మళ్ళీ నయమే. ప్లీడరు దగ్గరా డాక్టరు దగ్గరా అబద్ధమాడకూడదంటారు. మా నాయనమ్మ ఆడేది అబద్ధమని ఆవిడకే తోచలేదు.

మామిడికాయల రోజులు వచ్చేసరికి నోరు సగమే తెరుచుకునేది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ ఎలా ఉందని అడగనే లేదు. వేలితో పుండు తడిమి, దవడ కింద గడ్డ నొక్కి చూసి, నాన్నను వరండాలోకి పిలిచింది. కేన్సరంది. ముందే తెస్తే కోసి తీసేసేవాళ్ళమంది.

నాన్న కోపంతో ఊగిపోయాడు. గవర్నర్‌పేట వెళ్ళి ఆయన్ని నిలదీస్తానన్నాడు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆయన్నేం అంటావురా? అడిగినప్పుడల్లా నయమని చెప్పింది నేనే కదా." ఆ తరువాత నా వైపు తిరిగి, కష్టంగా నోరు కదుపుతూ అంది: "మందిచ్చేవాడి దగ్గర మర్యాద పనికిరాదే అమ్మాయ్. నొప్పుంటే ఉందని చెప్పెయ్."

ఆ యేడు వరికోతలు చూడకుండానే పోయింది.

ఇప్పుడు నాకూ మోకాళ్ళు, బీపీ, అన్నీ వచ్చాయి. డాక్టరు గారు ఎలా ఉందని అడగ్గానే "నయమేనండీ" అన్న మాట ఇప్పటికీ నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, "తగ్గలేదండీ" అంటాను. అన్న ప్రతిసారీ నాయనమ్మే గుర్తొస్తుంది. ఈ ఒక్క మాట ఆ ఊదా దీపం ముందు ఆవిడ అనగలిగి ఉంటే ఎంత బాగుండేది!