డాబా మీది పదిహేను చుక్కలు

ఇప్పుడు నేను లేచేసరికి పాలవాడు వచ్చి వెళ్ళిపోతున్నాడు. ఇదివరకు ముప్పై ఏళ్ళపాటు నాలుగున్నరకే లేచేదాన్ని. వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, ఆరయ్యేసరికి అంట్లు కూడా తోమి బోర్లించేదాన్ని. తిరువూరులో మా వీధికి నా ముగ్గుతోనే తెల్లవారుతుందని అనేవాళ్ళు. ఆ మాట వినడం నాకు ఇష్టం. మా వాళ్ళలో ఇంటి యజమాని పోతే ఏడాది తిరిగేదాకా గుమ్మం ముందు ముగ్గు వేయరు. మా ఆయన మాఘమాసంలో పోయారు. అప్పటినుంచి పొద్దున్నే నా చేతులకు ఏం చేయాలో తెలియడం లేదు.

ఆయన పేరు వెంకటప్పయ్య. బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు మెకానిక్కుగా చేశారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గోళ్ళ సందుల్లో గ్రీజు రిటైరైన ఆర్నెల్లకు గాని పోలేదు. ఆయన గొప్పవారని చెప్పడానికి రాయడం లేదు. నేను ఐదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, పొగడటం కూడా సరిగ్గా రాదు. ఆయనకు నేను చేసిన అవమానం ఒకటి ఉంది. అది ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి.

రిటైరయ్యాక ఆయన నాతోపాటే లేచేవారు. నేను ముగ్గు వేస్తుంటే మెట్టు మీద కూర్చుని చూసేవారు. ఒకరోజు అడిగారు.

"ఏమే, ఇది నాకు నేర్పుతావా?"

"మీకెందుకండీ?"

"గీత ఎక్కడ మొదలుపెట్టావో తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. ఎట్లా వస్తోందో చూద్దామని."

"దానివల్ల ఉపయోగం ఏంటి? అదే చేత్తో ఆ కుళాయి వాషరు మార్చండి, నెలనుంచి కారుతోంది."

"మారుస్తాలే. డిపోలో ఏ పని పట్టుకున్నా బస్సు బయల్దేరే టైముకి అయిపోవాలి. టైముతో పనిలేని పని ఒక్కటైనా చేయాలనుందే."

వాషరు మార్చారు. మర్నాడు మళ్ళీ అడిగారు. విసుక్కుంటూనే చూపించాను. మధ్య వరసలో పదిహేను చుక్కలు, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గుతూ ఎనిమిది వరకు. తర్వాత ఒక్క చుక్కా బయట పడకుండా మెలికలు తిప్పాలి. ఆయన పెరట్లో మట్టిలో పుల్లతో గీసుకునేవారు. రోజూ తప్పేది.

"ఇవాళ మూడు చుక్కలు తప్పించుకుపోయాయే" అని నవ్వేవారు.

ఎక్కడ తప్పిందో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "చెప్పకు. నేనే వెతుక్కుంటా."

అరగంట వెతికేవారు. ఆ అరగంటలో నేను రెండు బకెట్ల బట్టలు ఉతికి ఆరేసేదాన్ని. ఆరేస్తూ ఆయన వంక చూసి, నేనే ఎక్కువ బతికినట్టు గర్వపడేదాన్ని.

కార్తీకంలో నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను. తెల్లారాక ఎలాగో లేచి వాకిట్లోకి వచ్చేసరికి ఆయన వీధి గుమ్మంలో గొంతుక్కూర్చుని ముగ్గు వేస్తున్నారు. సగం అయింది. వంకరగా ఉంది. ఎదురింటి సరోజినీదేవిగారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"అన్నయ్యగారూ, చేతికి గాజులొక్కటే తక్కువయ్యాయి! వదినకి చీపురు పట్టే పని కూడా తప్పించారా?"

పాల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు.

"గాజులు మీరు తెచ్చిపెట్టండి చెల్లెమ్మా, వేసుకుంటా."

నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మొగుడి చేత ముగ్గు వేయించుకునే ఒళ్ళు బద్ధకం మనిషినని అనుకుంటారు కదా! నీళ్ళ బకెట్టు తెచ్చి ఆ ముగ్గు మీద కుమ్మరించాను.

"ఈ వయసులో మీకిదేం పోయేకాలం? నా పరువు తీయడానికా?"

అందరి ముందే అన్నాను. పోయేకాలం అన్న మాట నా నోటినుంచే వచ్చింది.

ఆయన ముగ్గుపిండి చేతులు పంచెకు తుడుచుకున్నారు. "ఆ మూల చుక్కలు పోలేదు. ఇంకో చెంబు పొయ్యి" అని మెల్లగా అని లోపలికి వెళ్ళారు.

ఆ తర్వాత ఆయన మెట్టు మీద కూర్చోలేదు. పొద్దున్నే డాబా ఎక్కేవారు. వాకింగ్ అన్నారు. నేను ఎక్కి చూడలేదు. తప్పయిందని కూడా అనలేదు, రోజూ ఏదో ఒక పని అడ్డం వచ్చింది. మాఘంలో ఒక మధ్యాహ్నం గుండెపోటు వచ్చి, ఆసుపత్రికి చేరేలోపే పోయారు.

నాలుగు రోజుల కిందట పెనుగొలను నుంచి మా తమ్ముడు మామిడికాయలు పంపాడు. గంపలగూడెంలో ఉన్న మా అమ్మాయి నీహారికకు మాగాయంటే ప్రాణం. ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరబెట్టాను. ఇవాళ ఎండలో వేయాలి. ముందు డాబా కడుగుదామని నీళ్ళ బకెట్టూ చీపురూ పట్టుకుని, ఆయన పోయాక మొదటిసారి పైకి ఎక్కాను.

నీళ్ళ ట్యాంకు పక్కన సున్నంతో వేసిన ముగ్గు ఉంది. గోడలకు వేయగా మిగిలిన సున్నం. పదిహేను చుక్కలు. గీత చక్కగా తిరిగింది. చుట్టూ తడిగుడ్డతో తుడిచేసిన తెల్లటి మరకలు, ఎన్నిసార్లు వేసి చెరిపారో. కింద మూల ఒక్క చుక్క మాత్రం బయట ఉండిపోయింది. ఎక్కడ తప్పిందో నాకు చూడగానే తెలిసింది. దిద్దాలని చెయ్యి ముందుకు వెళ్ళింది. చెప్పకు, నేనే వెతుక్కుంటా అని ఆయన అన్నట్టయింది. చెయ్యి వెనక్కి తీసుకుని అక్కడే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఎండ కాళ్ళ మీదికి వచ్చింది.

కిందికి దిగి, ముక్కల బేసిన్ ఎత్తుకుని ఎదురింటికి వెళ్ళాను.

"వదినా, ఇవి మీ డాబా మీద ఆరబెట్టుకోనా?"

"మీ డాబాకేమైంది? అద్దంలా ఉంచుతావుగా!" అన్నారు సరోజినీదేవిగారు.

ట్యాంకు కారుతోందని చెప్పేద్దామనుకున్నాను. నాలుక దాకా వచ్చింది.

"అక్కడ మీ అన్నయ్యగారి ముగ్గుందండి. కడిగితే పోతుంది."

"ఆ రోజు నేను ఊరికే నోరుజారాను వదినా..."

"మీరు ఒక మాట అన్నారంతే. నీళ్ళు పోసింది నేను."

ఆవిడ వచ్చి బేసిన్ రెండోవైపు పట్టుకున్నారు. ఇద్దరం మెట్లెక్కి ముక్కలు పరిచాం. అయిపోయాక అడిగారు.

"ఓసారి వచ్చి చూడనా?"

"రండి. ఒక చుక్క బయటుంది. ఎక్కడో మాత్రం అడక్కండి, నేను చెప్పను."

ఇది రాసేటప్పటికి బకెట్టు ఇంకా మా డాబా మీదే ఉంది, నిండుగా. చీపురు గోడకు ఆనించినచోటే ఉంది. ట్యాంకు చుట్టూ దుమ్ము, ఎండుటాకులు. వానలొస్తే ఆ ముగ్గు ఎలాగూ పోతుంది. డాబా మాత్రం నేను కడగను.