లాకు పడింది, వదల్లేదు

నంద్యాలలో మాది పైపుల కొట్టు. బోర్లకూ, తోటలకూ, ఇళ్ళకూ కావలసిన పైపులన్నీ అమ్ముతాం. కొట్టు చూసుకునేది నేనూ మా ఆయనా. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం పోట్లాడుకోకుండా కొన్న వస్తువు ఒక్కటే, ఒక పాత జీపు. జూపాడు బంగ్లా దగ్గర ఒక రైతు షెడ్డులో పడి ఉండేది. మేం చూడ్డానికి పోయినప్పుడు వెనక సీటులో ఒక కోడి గుడ్లు పొదుగుతూ కూర్చుని ఉంది. ఆ కోడి దిగేదాకా ఆగి మరీ తెచ్చుకున్నాం. దాన్ని నడిపేది నేను. ఆయన పక్కన కూర్చుని దారి చెప్తారు. నాకు తెలిసిన దారి అయినా చెప్తారు.

అమ్మిన రైతు ఆ జీపులో ఒక్కదాని గురించే గొప్పగా చెప్పాడు. స్టీరింగు పక్కన ఒక మీట, దాని మీద చిన్న ఎర్ర లైటు. "ఇది నొక్కితే వెనక చక్రాలకు లాకు పడతాది మ్మా. బురదలో యాడ దిగబడినా బయటికొస్తాది" అన్నాడు. మాకు అంతకంటే ఏం కావాలి? వానాకాలంలో తోటల్లోకి పోయి పైపులు దించి రావడమే మా పని.

మొదటి వానకే మహానంది దగ్గర ఒక అరటితోటలో దిగబడ్డాం. నేను మీట నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. సీటు కింద ఉన్న చిన్న గాలి పంపు గుర్రుమంటూ మొదలైంది, ఎంతసేపటికీ ఆగలేదు. వెనక ఒక చక్రం పిచ్చిపట్టినట్టు గిర్రున తిరిగి బురదంతా మా ఆయన కొత్త చొక్కా మీద కొట్టింది. రెండో చక్రం మాత్రం అలిగిన అల్లుడిలా కదలకుండా కూర్చుంది. తోటాయన ఎద్దులు కట్టి లాగితే బయటపడ్డాం.

అలా మెకానిక్ భాయ్ దగ్గరికి చేరాం. నంద్యాల బైపాసు పక్కన ఆయన షెడ్డు. భాయ్‌లో ఒక గుణం ఉంది. ఏ బండి వచ్చినా చూడకముందే జబ్బు చెప్పేస్తాడు. అది తప్పని తేలితే ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, అంతే ధైర్యంగా ఇంకో జబ్బు చెప్తాడు.

"అసలు ఈ లాకు ఏం చేస్తుంది భాయ్?" అని అడిగాను.

"సెప్తా అక్కా. మీరిద్దరూ సేతులు పట్టుకోండి" అన్నాడు.

మా ఆయన అటూ ఇటూ చూశారు. షెడ్డు ముందు టీ కొట్టు, టీ కొట్టు నిండా జనం.

"పట్టుకో అన్నా, పరాయి మనిషా ఏంది? ఇంగ ఇద్దరూ ఆ డ్రమ్ము సుట్టూ తిరగండి."

తిరిగాం. లోపలి వైపున నేను, బయటి వైపున ఆయన. ఆయన నాకంటే పెద్ద అంగలు వేయాల్సి వచ్చింది.

"సూసినారా? మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ తిరగాల, లోపలిది తక్కువ. అట్ల తిరగనిచ్చేదే ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్. రోడ్డు మీద అది మంచిదే. బురదలో పడితే మాత్రం, యా చక్రం జారతాందో దానికే బలమంతా పోతాది, రెండోది ఊరికే నిలబడతాది. లాకేస్తే రెండూ ఒగటే ఇరుసు మాదిరి కలిసి తిరుగుతాయి. ఇప్పుడు సేతులు బిగించి, ఇద్దరూ ఒగే కొలత అంగలేసి తిరగండి సూద్దాం."

అలా తిరగబోతే నేను ఆయన కాలు తొక్కాను, ఆయన డ్రమ్ముకు గుద్దుకున్నారు. టీ కొట్టులో వాళ్ళు ఈలలు వేశారు. నాకు నవ్వు ఆగక అక్కడే టైరు మీద కూలబడ్డాను.

భాయ్ మొదట పంపు పోయిందన్నాడు. పంపు బాగుంది. తర్వాత వైరు తెగిందన్నాడు. వైరు తెగలేదు. ఈ లాకు గాలితో పనిచేస్తుందని తెలిశాక నాకు హుషారొచ్చింది. గాలయినా నీళ్ళయినా పైపులో పోయేదే కదా. పైపు లీకు పట్టుకోవడం మాకు రోజూ ఉండే పనే. సబ్బు నురగ కలిపి అతుకులన్నిటికీ పూశాం. ఒక్క బుడగ రాలేదు. అప్పుడు మా ఆయన జీపు కింద పడుకుని, "ఏమ్మే, ఈడ సూడు, ఇరుసు నురగలు కక్కుతాంది!" అని అరిచారు. ఇరుసుకు ఊపిరాడ్డానికని పైన ఒక చిన్న గొట్టం ఉంటుంది. మీట నొక్కినప్పుడల్లా దాంట్లోంచి నూనె నురగ కట్టి బయటికి వస్తోంది. అంటే గాలి లోపలికి పోతోంది గానీ, లాకును తోయాల్సిన చోట నిలవకుండా నూనెలోకి జారిపోతోంది.

భాయ్ ఇరుసు విప్పాడు. బొగ్గులాంటి నూనె బకెట్టులోకి కారింది. పళ్ళ చక్రాలన్నీ బయటికి తీసి చూస్తే, గాలిని ఆపాల్సిన రబ్బరు రింగు ఒక పక్క చిట్లి దారంలా వేలాడుతోంది. ఇంత ఇనుములో చెడింది చేతి గాజు కంటే సన్నటి రబ్బరు ముక్క. సరైన కొలత రింగు వచ్చేదాకా ఆగి, నూనె రాసి, మెలి పడకుండా కూర్చోబెట్టాడు.

బిగించాక వెనక చక్రాలు రెండూ గాలిలోకి లేపాం. లాకు లేకుండా ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు తిరిగింది. నేను మీట నొక్కాను. టక్కుమంది. ఈసారి ఒకటి తిప్పితే రెండూ ఒకే వైపు తిరిగాయి. మీట తీస్తే ఫుస్సుమని గాలి బయటికి పోయి లాకు వదిలింది. టక్, ఫుస్. టక్, ఫుస్. కొత్త బొమ్మ దొరికిన పిల్లల్లా ముగ్గురం వంతులేసుకుని నొక్కాం. చివరికి భాయ్, "సాలక్కా, రింగు మళ్ళా పోతాది" అని మా చేతులు పక్కకు లాగాల్సి వచ్చింది.

తర్వాత వానలు ముఖం చాటేశాయి. జీపు చాలా రోజులు మా ఇంటి షెడ్డులోనే ఉంది. మళ్ళీ ముసురు పట్టిన రోజుల్లో ఆళ్ళగడ్డ నుంచి ఒక శిల్పి ఫోను చేశాడు. పెద్దాయన. రాళ్ళు కోసే మిషన్లకు నీళ్ళ పైపులు మా దగ్గరే తీసుకుంటాడు.

"పాపా, నీ జీపు కావాల. ఒక ఎద్దును కొండ కిందికి సేర్చాల."

ఎద్దును జీపులో ఎట్లా ఎక్కిస్తామని అడిగితే, "రాతి ఎద్దు మ్మా" అని నవ్వాడు. నల్లమల అంచున ఒక పల్లెలో ఒంటరిగా సేద్యం చేసుకునే ఒకామె, చచ్చిపోయిన తన ఎద్దు బొమ్మ చెక్కించుకుంది. దారిలో వాగు. "ట్రాలీలో ఏస్తే ఎగిరెగిరి పడి కొమ్ములు ఇరుగుతాయి. మీ బండయితే మెత్తగా పోతాది" అన్నాడు.

పొద్దున్నే ఆళ్ళగడ్డ పోయాం. ఏడాది దూడంత ఎద్దు, కాళ్ళు మడిచి పడుకుని ఉంది. గొలుసుల పుల్లీతో లేపి జీపు వెనక గడ్డి పరిచి కూర్చోబెట్టారు. దాన్ని చెక్కించుకున్న ఆమె కూడా వచ్చి ఎద్దు పక్కనే కూర్చుని మూపురం మీద చెయ్యి వేసింది. ఎద్దు ముఖం వెనక్కి, రోడ్డు వైపు. ఇంక చూసుకోండి. మా వెనక వచ్చే ప్రతి మనిషీ నందీశ్వరుడనుకుని దండం పెట్టడమే. మోటారు సైకిలు మీద ఒకాయన చేతులు రెండూ వదిలేసి మొక్కబోయి గుంతలో పడబోయాడు.

"నంది గాదప్పా, మా ఎద్దు!" అని ఆమె అరిచింది. ఆయనకు వినపడలేదు. ఇంకా గట్టిగా మొక్కాడు. ఊరి తర్వాత ఊరు, ఇదే కథ. చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి ఒక ముసలాయన మొక్కితే, "సల్లగుండు నాయనా, పో" అని దీవించి పంపింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు.

వాగు దగ్గర నా నవ్వు ఆగింది. నీళ్ళు మోకాళ్ళ లోతే గానీ, అవతలి గట్టు నున్నటి బురద. సగం ఎక్కాక ఒక చక్రం జారింది. జీపు మెల్లగా పక్కకు ఒరుగుతోంది. వెనక ఆమె ఎద్దు మెడ చుట్టూ రెండు చేతులూ వేసింది.

"నొక్కు మే!" అన్నారు మా ఆయన.

నొక్కాను. టక్. రెండు చక్రాలూ కలిసి నేలను పట్టుకున్నాయి. ఉరకలేదు, జారలేదు. ఎవరో కొండ మీంచి తాడేసి లాగుతున్నట్టు జీపు నెమ్మదిగా పైకి నడిచిపోయింది. గట్టెక్కగానే ఆయన, "ఎక్కింది! ఎక్కింది!" అని జీపు తలుపును దరువేసి కొట్టారు. నేను మీట తీసేశాను. ఎర్ర లైటు ఆరిపోయింది. ఆ సంబరంలో ఇంకేం పట్టించుకోలేదు.

పల్లెవాళ్ళు వెదురు బొంగుల మీద ఎద్దును మోసి చేని గట్టున దించారు. ఆమె బకెట్టుతో నీళ్ళు తెచ్చి దాని ముందు పెట్టింది. ఎవరూ నవ్వలేదు. "బతికినన్నాళ్ళూ నిలబడే ఉండె గదా పాపా. పండుకున్నట్ల సెక్కమని నేనే సెప్పినా. ఇంగన్నా పండుకోనీ" అంది నాతో. నేను రాతి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. అప్పుడే తేలిన ఎండకు వెచ్చగా ఉంది.

తిరుగు దారిలో మట్టి బాట ఉన్నంతసేపూ ఏం తెలియలేదు. తారు రోడ్డు ఎక్కాక స్టీరింగు బండలా బరువెక్కింది. ఆళ్ళగడ్డలో నంద్యాల వైపు తిప్పబోతే వెనక టైర్లు కుయ్యోమని అరిచి, ఎగిరి ధబ్బున పడ్డాయి. బజారంతా మా వైపు తిరిగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ కుయ్యోమంది. మా మలుపు మాకు దక్కకుండా వెనక్కి పోయింది.

"లాకు వదల్లేదు మే!"

"లైటు ఆరిపోయింది గదా!"

"లైటుకేం తెలుసు! ఇట్లే నేరుగా పోతే యాడికి పోతాం?"

"కోయిలకుంట్లకు!"

అనగానే నాకు నవ్వు మొదలైంది. అది మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని కళ్ళు మూసుకుపోయే నవ్వు. కుడికి పోవాల్సిన మనిషి తిరగడం చేతకాక పక్క ఊరికి పోవడం! దారిలో ఒక పెట్రోలు బంకు విశాలంగా కనబడితే అందులోకి మెల్లగా దూరి, ఆ చివర నుంచి ఈ చివరదాకా కుయ్ కుయ్‌మంటూ పెద్ద వంక తిరిగాను. బంకులో మనిషి పైపు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏం పొయ్యాలక్కా?"

"ఏమొద్దప్పా, తిరుక్కుంటాండాం అంతే!"

భాయ్‌కి ఫోను చేశాం. "లోపల బిగుసుకోనుంటాది. వెనక్కి పోనిచ్చి మళ్ళా ముందుకు రా, వదులుతాది" అన్నాడు. వెనక్కి పోనిచ్చాను, ముందుకొచ్చాను. వదల్లేదు. ఎలాగో శిల్పి పెద్దాయన చోటికి చేరాం. "ఒక చక్రం పైకి లేపు" అన్నాడు భాయ్. లేపాం. వదల్లేదు. "అయితే లోపల ఇనుము వంగింటాది. క్రౌను పళ్ళ చక్రం ఇప్పాల్సిందే" అని తీర్పు చెప్పాడు.

ఉలుల చప్పుడు ఆగిపోయింది. పనివాళ్ళందరూ జీపు చుట్టూ చేరారు. నేను మీట వేసి తీశాను, వేసి తీశాను. ఏదో వెలితిగా ఉంది. టక్ ఒకటి పోతే పోయింది, ఫుస్ ఏది?

"ఏమయ్యా, గాలి పోతాంది గానీ తిరిగి రాలేదు! గాలి యాడ పోతాది, ఆడనే ఉండాది!"

స్పానరుతో పంపు దగ్గర గొట్టం నట్టు కొంచెం వదులు చేశాను. ఫుస్సుమని పెద్ద శబ్దం, జీపు కింద టక్. లేపిన చక్రాన్ని చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరిగింది. లోపల భాయ్ వేసిన కొత్త రింగు ఎంత బాగా కూర్చుందంటే, పట్టిన గాలిని కొంచెం కూడా వదలకుండా పొద్దున్నుంచీ దాచిపెట్టింది!

మీట తీస్తే గాలి బయటికి పోవాల్సిన, పంపు పక్కనున్న చిన్న రంధ్రం మీద గట్టి మట్టి బొడిపె ఉంది. "నా రాతి పొడి గడ్డగట్టినట్లుండాది" అన్నాడు పెద్దాయన నొచ్చుకుంటూ. దగ్గరికి వంగి చూసి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. "కాదుకాదు. కుమ్మరి మాదిరి మట్టి మెత్తే కందిరీగ గూడు ఇది." జీపు షెడ్డులో ఖాళీగా ఉన్న రోజుల్లో అది తీరిగ్గా ఇల్లు కట్టుకుంది. ఆయన సన్న ఉలి తీసుకుని, గూడు పగలకుండా అంచు వెంబడి గీసి, కుండలా ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. లోపల, పుట్టబోయే పిల్లల మేతకని అది దాచిన పచ్చటి గొంగళి పురుగులు కదలకుండా నిద్రపోతున్నాయి.

"పనితనం సూడండ్రా," అన్నాడు తన మనుషులతో. "కొలత యాడన్నా తప్పిందా?"

భాయ్‌కి ఫోనులో చెప్తే, "పురుగు కట్టిన గూటికి నా చేత క్రౌను ఇప్పిస్తాంటిరా అన్నా?" అన్నాడు. విప్పాలన్నది ఎవరని మా ఆయన అడిగేలోపే పెట్టేశాడు.

రంధ్రం సూదితో శుభ్రం చేసి, దోమతెర ముక్క మడిచి కట్టాం. నట్టు బిగించాం. టక్, ఫుస్. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. నిజంగా తిరుగుతుందో లేదో చూద్దామని రాళ్ళ మధ్య ఖాళీ జాగాలో ఒక చుట్టు తిప్పాను. చప్పుడు లేదు, ఎగరడం లేదు. వెన్నలా తిరిగింది. తెల్లటి రాతి పొడి లేచి మమ్మల్ని కమ్మేసింది. ఇంకో చుట్టు తిప్పాను. పెద్దాయన చెయ్యెత్తి ఆపి, తలపాగా సర్దుకుని, ముందు సీట్లో ఉన్న మా ఆయన్ని దింపి తాను ఎక్కాడు.

"ఊ, తిప్పు పాపా."

తిప్పాను. తెల్లబడిన కనుబొమ్మలు పైకెత్తి, తలుపు గట్టిగా పట్టుకుని, ఆయన చిన్నగా మొదలుపెట్టి చివరికి పెద్దగా నవ్వాడు. ఆపబోతే ఒప్పుకోలేదు.

"ఇంగొక సుట్టు," అన్నాడు. "ఈతూరి బిరీన తిప్పు."