పైకి చెప్పే లెక్క

మనిషి ఒక మాటను నమ్మకపోవడానికి ఆ మాటలో తప్పు ఉండాలా, లేక అది సొంత బిడ్డ నోట రావడమే చాలా? ఈరయ్య సంగతి తలచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోవలసి వస్తుంది. జవాబు ఇప్పటికీ దొరకలేదు.

ఈరయ్యది కుల్కచర్ల పక్కన ఒక చిన్న పల్లె. తాతల కాలం నుంచీ గొర్రెల కాపరులు. ఒక వానాకాలం రోగమొచ్చి మంద పోయాక, భార్య కాశమ్మనూ పసిబిడ్డ అంబికనూ తీసుకుని తాండూరు చేరాడు. గొర్రెల సంతలో దళారి అయ్యాడు. బేరం ఈరయ్య అన్న పేరు అలా వచ్చింది.

ఆ పని చూడ్డానికి తమాషాగా ఉండేది. అమ్మేవాడు గొంతెత్తి ఒక ధర అరుస్తాడు. కొనేవాడు నవ్వి వెనక్కి తిరుగుతాడు. అప్పుడు ఈరయ్య భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని, దాని కింద ముందు అమ్మేవాడి చేయి పట్టుకుంటాడు, తరువాత కొనేవాడిది. ఏ వేలు నొక్కితే ఎంతో వాళ్ళకు తెలుసు, చుట్టూ నిలబడ్డవాళ్ళకు తెలియదు. నోటితో అరిచేది సంత కోసం. వేళ్ళతో చెప్పేది బేరం కోసం. వేళ్ళ మాట నోటి మాట కన్నా తక్కువే ఉంటుంది. ఎక్కువ ఉన్న సంత ఈరయ్య తన జన్మలో చూడలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలం. పొద్దున్నే బజారులో పాండురంగం కిరాణా దుకాణం ముందు నలుగురు చేరేవారు. అందరి మాస్కులూ గడ్డాల కింద. లోపల టీవీ కరోనా కేసుల లెక్క చెబుతూ మోగుతూ ఉండేది.

“ఇయ్యాల ఎంతనట సేటు?” అని అడిగాడు ఈరయ్య.

“నిన్నటికి రెండింతలట.”

“పైకి రెండింతలంటే లోపల సగం.”

“రాత్రి తొమ్మిదింటికి బయలెల్లి పొద్దుగాల అయిదింటికి ఇల్లు చేరుతదట కరోనా. గడియారం ఎవరు కట్టిండ్రో దానికి,” అన్నాడు పాండురంగం, రాత్రి కర్ఫ్యూను తలచుకుని.

“మా గొర్లకు గంత బుద్ధి ఉంటె నేను దళారి ఎందుకైత సేటు!”

అందరూ నవ్వారు. పాండురంగం మాత్రం నవ్వు మధ్యలోనే ఆపి, “పోయినేడు దుకాణం మూసి కూసుంటె ఏమొచ్చింది? కందిపప్పుకు పురుగొచ్చింది,” అన్నాడు. అతని అపనమ్మకం వెనక దుకాణం ఉంది. ఈరయ్య అపనమ్మకం వెనక తువ్వాలు ఉంది.

అంబిక వికారాబాదులో ఆశా కార్యకర్త. ఆ రోజుల్లో ఆమె పని ఇల్లిల్లూ తిరిగి జ్వరం వచ్చినవాళ్ళ లెక్క తీయడం. ఒక ఆదివారం బస్సెక్కి తాండూరు వచ్చింది. వాకిట్లోనే నిలబడి, దగ్గరికి రాబోయిన తల్లిని చేత్తో వారించింది.

“దూరమే ఉండు అమ్మా. జ్వరాల ఇండ్లల్ల తిరిగొస్తున్న.” తరువాత తండ్రి వైపు తిరిగింది. “నాయినా, సంతకు పోకు. అమ్మకు షుగరున్నది. జర ఒళ్ళు వెచ్చవడ్డా నాకు ఫోన్ చెయ్యి. బండి పట్టుకొని వస్త, టెస్టు చేపిస్త. ఆలస్యం చేస్తె మాత్రం అమ్మ దక్కదు.”

“మీ కాడ ఎంతమందికి వచ్చిందట?”

“నా వంతు ఇండ్లల్లనే ముప్పై దాటింది.”

“గది పైకి చెప్పే లెక్క. అసలుది చెప్పు.”

“గదే అసలుది. నేనే తిరిగిన, నేనే రాసిన.”

“రాయమన్నోడు ఎంతంటె గంత రాసినవు. కొలువు నీది, ఏం జేస్తవ్ మరి.”

ఈరయ్యకు బిడ్డ మీద జాలేసింది. పదిమంది వినేటట్టు నిజం చెప్పలేకపోతోందనుకున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పుకుని ముందుకు చాపాడు.

“ఇగో, గిట్ల చెప్పు. ఎవ్వలకు కనవడదు. మీ సార్లకు తెల్వదు.”

అంబిక ఎక్కాల కన్నా ముందు నేర్చుకున్నది ఆ తువ్వాలు కింది వేళ్ళ లెక్కే. ఆమె చేయి కొంచెం లేచింది. వెంటనే వెనక్కి తీసుకుంది.

“నేను పట్ట నాయినా. నిన్నటిసంది ఎందరినో ముట్టుకున్న.”

సంతలో చేయి వెనక్కి తీసుకున్నవాడి దగ్గర అసలు ధర లేదని అర్థం. ఈరయ్య తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

“చూసినవా?” అన్నాడు కాశమ్మతో. “చెయ్యి పెట్టలే.”

“బిడ్డతోని బేరమాడుతున్నవా? సిగ్గన్న లేదా నీకు?” అంది కాశమ్మ.

అంబిక తెచ్చిన మాత్రల పొట్లం గోడ మీద పెట్టి, తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు లాక్‌డౌన్ పెట్టారు, సంత మూశారు. కానీ గొర్రెలు అమ్ముకోవలసినవాళ్ళు ఉన్నారు, కొనేవాళ్ళూ ఉన్నారు. ఊరి బయట పాడుబడ్డ బండల గనిలో, పోలీసులు అటు రాని వేళ చూసి దొంగసంత మొదలైంది. ఈరయ్య లేనిదే బేరం తెగదు కనుక అతనూ వెళ్ళాడు. కర్ణాటక దిక్కు నుంచి వచ్చిన బాలప్ప చేయి తువ్వాలు కింద కాలిపోతూ తగిలింది.

“గింత వేడున్నవేంది బాలప్పా?”

“బిసిలు అన్నా, ఎండ,” అన్నాడు బాలప్ప, దగ్గు ఆపుకుంటూ.

బేరం తెగక ముందు చేయి వదలడం ఈ పనిలో తప్పు. ఈరయ్య వదలలేదు. ఆ బేరం చాలాసేపు సాగింది.

ఈరయ్యకు రెండు రోజులు ఒళ్ళు నొప్పులు వచ్చి తగ్గిపోయాయి. తరువాత కాశమ్మ జ్వరంతో పడుకుంది. బాలప్ప చేతి వేడి అప్పుడు ఈరయ్యకు గుర్తుకొచ్చిందో లేదో అతనికే తెలియాలి.

“అంబికకు ఒక ఫోన్ చెయ్యరాదు?” అంది కాశమ్మ.

“చేస్తె మనల్ని గూడ లెక్కల కలుపుతది. ఎవ్వలు రాకుండ ఇంటి ముంగట కట్టెలు అడ్డం కడ్తరు. రేపటికి తగ్గుతది తియ్యి.”

వీధి చివరి డాక్టరు వచ్చి టైఫాయిడ్ అన్నాడు, సూది వేసి గ్లూకోజు పెట్టాడు. మర్నాడు కాశమ్మ మళ్ళీ అదే మాట అడిగింది. ఈరయ్య మళ్ళీ రేపు అన్నాడు. ఆ తరువాత ఆమె అడగలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఊపిరి తీస్తుంటే వీపు ఎగసిపడటం కనిపించినప్పుడు ఈరయ్య ఫోన్ తీశాడు.

అంబిక బండి మాట్లాడుకుని వచ్చింది. ఆసుపత్రికి పోయే దారిలో తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈరయ్య కాళ్ళ దగ్గర కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాడు. దున్ని వదిలేసిన చేలు, అక్కడక్కడ ఎండిన కందికట్టె. దారికడ్డంగా మంద ఒకటి వస్తే బండి ఆగింది. మంద దాటి బండి కదిలేసరికి కాశమ్మ లేదు. అంబిక ఏడుపు అతనికి ఎక్కడో పక్క వీధిలో ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది.

మట్టి చేయడానికి మనుషులు రాలేదు. పాండురంగం ఫోన్ చేసి, “రావాల్ననే ఉండె ఈరన్నా, ఇంట్ల పిల్లలు వద్దంటున్నరు,” అన్నాడు. “మంచిది సేటు,” అన్నాడు ఈరయ్య. అతనికి కోపం రాలేదు. ఏదీ రాలేదు. తినమంటే తిన్నాడు, స్నానం చేయమంటే చేశాడు. అంబిక తనతో పాటు వికారాబాదు రమ్మంటే వచ్చాడు.

వానలు మొదలయ్యాయి. దుకాణాలు తెరిచారు, సంతలు మొదలయ్యాయని కబురొచ్చింది. అతను కదలలేదు. ముందు గదిలో కుర్చీలో కూర్చుని టీవీ చూసేవాడు. అందులో లెక్క రోజురోజుకూ తగ్గుతోంది. ఒక మధ్యాహ్నం అంబిక పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే, తల తిప్పకుండానే అడిగాడు.

“బిడ్డా, మీ అమ్మ గా లెక్కల ఉన్నదా?”

అంబిక కొళాయి కట్టేసింది. “లేదు నాయినా.”

“ఎందుకు లేదు?”

“టెస్టు చేపియ్యలే గద. టెస్టు లేంది లెక్కకు రాదు.”

“గిసొంటోళ్ళు ఇంకెవరన్న ఉన్నరా?”

“నా వంతు ఇండ్లల్ల ఉన్నరు. పక్క బస్తీల ఉన్నరు.”

“అంటె పైకి చెప్పిందానికన్న...”

“ఎక్కువనే నాయినా.”

ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు. మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. ఈరయ్య మెల్లగా తల ఊపాడు. టీవీలో ఎవరో సబ్బు గురించి చెబుతున్నారు. కాసేపు అదే విన్నాడు.

“మొదటి దినమే నేను ఫోన్ చేసుంటె?”

అంబిక తువ్వాలతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

“బువ్వ పెడ్త, కూసో,” అని వంటగదిలోకి వెళ్ళింది.

అన్నం, పచ్చిపులుసు కలిపి కంచం పట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గడప దగ్గర చెప్పులు లేవు. పక్కింటి మెట్ల మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న రాహేలమ్మ తలెత్తింది.

“మీ నాయిన గిట్లనే పోయిండమ్మా, బస్టాండు దిక్కు. పిలిస్తె పలుకలే. ఏమన్న పరేషానా?”

అంబిక కంచం చేతిలో ఉండగానే వీధి మలుపు దాకా నడిచింది. కుల్కచర్ల దారిన పోయే పరిగి బస్సు ఒకటి బురదనీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. అందులో ఎవరున్నదీ అద్దాల మీది వాన చుక్కల్లో కనిపించలేదు.