ఏడు నదులూ, మా ఎండు బోరూ

ఆ రోజుల్లో మా గోరంట్ల వైపు స్నానమంటే ఒక్క బకెట్టు నీళ్లు, అంతే. అలాంటి ఊళ్లో పొద్దున్నే గొంతెత్తి, గంగ మొదలు కావేరి దాకా ఏడు నదులనూ ఆ బకెట్లోకి రమ్మని పిలిచే మొనగాణ్ణి నేనొక్కణ్ణే. మార్కులు ధారాళంగా పడతాయని ఇంటర్లో సంస్కృతం తీసుకున్నాను (జవాబులు చాలావరకు తెలుగులోనే రాశాననేది వేరే సంగతి). అందులో నాకు నోటికి పట్టుబడింది ఈ స్నానశ్లోకం ఒక్కటే. దాన్నే వీధంతా వినేలా రాగం తీసేవాణ్ణి. "అంతమందిని పిలుస్తాండావు, వాళ్లకి తాగేదానికి నీళ్లు యాడ తెచ్చేది?" అని అమ్మ దడి అవతలి నుంచి అడిగేది.

ఆ యేడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. నాయన బోరు వేయించడానికి తెగించాడు. నీళ్లు పడితే చేను బతుకుతుంది, లేకుంటే పశువుల పాలు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ల జాడ చెప్పే పెద్దాయన (మాకు టెంకాయ తాత) చేనంతా తిరిగి ఒక మూల పాయింటు పెట్టాడు. బోరు లారీ వచ్చేసింది గానీ, పూజ చేయాల్సిన అయ్యవారు పక్క ఊరి పెళ్లికి పోయాడు. "అయ్యవారు లేకుంటే ఏమి? మావాడు సంస్కృతం సదివినాడు," అన్నాడు నాయన, అందరికీ వినబడేలా. నేను ఏమాత్రం తడబడలేదు. కావలసింది నీళ్లు, నాకు వచ్చింది నీళ్ల శ్లోకం, ఇక లోటేముంది? భుజాన తువ్వాలు వేసుకుని, టెంకాయ కొట్టి, నదులన్నిటినీ పేరుపేరునా పిలిచాను. కూలికొచ్చిన ఆడవాళ్లు కూడా చేతులు జోడించారు. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది (రోజూ వినేది కదా, గుర్తుపట్టేసింది).

పొద్దు వాలే దాకా బోరు తెల్లటి దుమ్మే కక్కింది. "ఇంగో రాడ్డు దింపండప్పా," అంటూనే టెంకాయ తాత మెల్లగా జారుకున్నాడు. చివరికి లారీ కూడా వెళ్లిపోయింది. నాయన గట్టు మీద కూలబడ్డాడు. పిండిమిల్లులోంచి వచ్చినట్టు ఇద్దరం తెల్లగా ఉన్నాం. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ నాయన ముందర బకెట్టు పెట్టి, నా వైపు తిరిగింది. "ఉండే నీళ్లలోకి నదుల్ని పిలిచే శ్లోకం కదప్పా అది. నీళ్లే లేని తావుకి అవి ఎట్లొస్తాయి?" (ఆ అర్థం గొప్ప కోసం ఆమెకు చెప్పింది నేనే.)

నాయన చెంబు ముంచాడు. "ఈడ నీళ్లుండాయి కదా. ఇప్పుడు పిలువు, నాకోసరం," అన్నాడు. ఆయన అంతకుముందు ఏ శ్లోకమూ అడిగినవాడు కాదు. ఈసారి రాగం లేకుండా, మెల్లగా చెప్పాను. ఒక్కో నది పేరుకూ ఒక్కో చెంబు పోసుకున్నాడు.

"అయిపోయినాయా? ఇంగేదన్నా నది ఉంటే చూడప్పా, వీపు మిగిలిపోయింది."

"మన ఎండిపోయిన చిత్రావతి ఉండాది నాయనా."

"అది వద్దులే. వచ్చిందంటే ఈ బకెట్టు అదే ఎత్తుకపోతాది."

చేను పోయిన రోజున ముగ్గురం కడుపుబ్బ నవ్వాం. ఇప్పుడు అనంతపురంలో ట్యాపు తిప్పితే నీళ్లొస్తాయి. శ్లోకం మానలేదు గానీ, పెదవుల్లోనే అనుకుంటాను. ఎండు బండలోంచి ఏడు నదులూ లేచొస్తాయని నమ్మి నిలబడిన ఆ తువ్వాలు పండితుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత గట్టిగా పిలిచే గొంతు మాత్రం నాకు మళ్లీ రాలేదు.